ఖాళీలను పూరించరాదు

జూలై 6, ఆదివారం

ఈ డైరీ ఎవరూ చూడరట. చూడని దానికి మార్కులెట్లా వేస్తారండీ అని క్లాసులో లేచి అడిగాను. జయమణి మేడమ్ కళ్ళజోడు ముక్కు మీదికి దించి నా వంక చూసింది.

"మార్కులుండవు ప్రసాద్‌గారూ. ఫీల్డ్ నోట్సు నాకు చూపిస్తారు. ఈ డైరీ మీకు మీరే చూపించుకుంటారు."

నాకు నేను చూపించుకోవడానికి ఇంట్లో అద్దం ఉంది, చాలదూ? అదీగాక జగ్గయ్యపేట జూనియర్ కాలేజీలో ఇన్నేళ్ళుగా సివిక్స్ చెబుతున్న వాణ్ణి. నాకు హోంవర్క్ ఇచ్చే మనిషి ఒకరు పుడతారని అనుకోలేదు. ఏం చేస్తాం, డిగ్రీ కాలేజీకి ప్రమోషన్ రావాలంటే పీహెచ్‌డీ ఉండాలి. పీహెచ్‌డీకి ఈ కోర్సు పాసవ్వాలి. కోర్సు పేరు సామాజిక శాస్త్రాల్లో పరిశోధనా పద్ధతులు. యూనివర్సిటీ వాళ్ళు ఆదివారం ఆదివారం నందిగామలో ఒక ప్రైవేటు కాలేజీ మేడ మీద రేకుల షెడ్డులో పెట్టారు. ఫ్యాను ఒకటే ఉంది. అది మేడమ్ వైపే తిరుగుతుంది.

నాగశ్రీ కూడా నందిగామలోనే ఉంది. మా అత్తగారికి మోకాలి ఆపరేషన్ అయితే చూసుకోవడానికి పుట్టింటికి వెళ్ళింది. క్లాసు అయ్యాక అటు వెళ్దామనే అనుకున్నాను గానీ బస్సు వెంటనే దొరికింది. దొరికిన బస్సు ఎక్కాలిగా.

జూలై 9, బుధవారం

సాయంత్రం నాగశ్రీ ఫోన్ చేసింది.

"ఏమండీ, అమ్మకి ఇప్పుడు..."

"నొప్పి తగ్గలేదు, అంతేగా. తెలుసులే. మోకాలంటే మాటలా? నువ్వు ఉండు. నా గురించి కంగారు పడకు, కర్రీ పాయింట్ ఉందిగా."

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "ఊఁ" అంది.

మా కామర్స్ కొండలరావుకి వాళ్ళావిడ ఫోన్ చేస్తే ముప్పావుగంట పడుతుంది. మాది నిమిషంలో అయిపోతుంది. ఆవిడ సగం అనగానే మిగతా సగం నాకు తెలిసిపోతుంది. అర్థం చేసుకోవడం అంటే అదీ.

జూలై 13, ఆదివారం

ఈ రోజు హైపోథిసిస్ గురించి చెప్పింది. సంగతి తెలియక ముందే మనం అనుకునేదాన్ని హైపోథిసిస్ అంటారట. అది తప్పేమోనని మనమే వెతకాలట. నేను అనుకున్నది తప్పని నేనే వెతుక్కోవాలట! దానికి వేరే జనం లేరా?

నా టాపిక్ "ఇంటర్ తర్వాత ఆడపిల్లలు చదువు ఎందుకు మానేస్తున్నారు". నా హైపోథిసిస్ రాసిచ్చేశాను. ఆసక్తి లేక. ఇన్నేళ్ళు పాఠాలు చెప్పిన వాడికి ఆమాత్రం తెలియదా? ఇక రుజువు చేయడమే తరువాయి.

భోజనాల దగ్గర స్తెఫను పక్కన కూర్చున్నాడు. కుర్రాడు, స్కూలు టీచరు, కీసర నుంచి బైకు మీద వస్తాడు. క్యారేజీ తెచ్చుకుంటాడు. నా ప్లాస్టిక్ డబ్బా చూసి, "మేడమ్‌గారు క్యారేజీ కట్టలేదాండీ?" అన్నాడు.

"మోకాలు," అన్నాను.

"అయ్యో, మీకా అండీ?" అన్నాడు.

జూలై 18, శుక్రవారం

ఫీల్డ్‌వర్క్ అంటే ఏదో బ్రహ్మవిద్య అనుకుని భయపడ్డాను గానీ చాలా తేలిక. నా దగ్గర చదివి ఇంటర్‌తో ఆపేసిన పిల్లల ఇళ్ళకీ షాపులకీ వెళ్ళాను. మొదట గీతాంజలి. బజార్లో ఫ్యాన్సీ షాపు నడుపుతోంది. నన్ను చూడగానే లేచి నిలబడింది. మంచి పిల్ల. ఫోన్లో రికార్డరు ఆన్ చేసి, కౌంటర్ మీద గాజుల పక్కన పెట్టాను.

"ఇంటర్ అయ్యాక డిగ్రీ మీద నీకు పెద్దగా ఆస...?"

"క్తి!"

"లేక మానే...?"

"శా సార్!"

"ఇంట్లో వాళ్ళ ఒత్తిడి ఏమీ లే...?"

"దు సార్!"

ఎంత స్పష్టంగా చెప్పింది! మిగతా పిల్లలు కూడా అంతే, ఒక్కరూ తడుముకోలేదు. సాయంత్రం టీకల్లా ఇంటర్వ్యూలన్నీ పూర్తి. అందరిదీ ఒకటే మాట, ఆసక్తి లేదు. స్తెఫను వారం నుంచీ ఒక్క ఇంటర్వ్యూ పట్టుకుని ఏడుస్తున్నాడు. పాపం, అనుభవం లేదు.

జూలై 23, బుధవారం

కొండలరావు స్టాఫ్ రూములో అందరి ముందూ అడిగాడు. "మీ అత్తగారి మోకాలు ఇంకా తగ్గలేదా ప్రసాద్‌గారూ?"

"రెండోది కూడా చేయాలంటున్నారండీ," అన్నాను.

పాపం మా అత్తగారు. రెండో మోకాలు ఇవాళే చేయించాను.

జూలై 27, ఆదివారం

తల కొట్టేసినట్టయింది.

మేడమ్ నా రికార్డింగు క్లాసులో స్పీకర్ పెట్టి అందరికీ వినిపించింది. విన్నాక బోర్డు దగ్గరికి వెళ్ళి గీతాంజలి అన్న మాటలు వరసగా రాసింది. క్తి. శా. దు.

"ఈ అమ్మాయి చదువు ఎందుకు మానేసిందో ఇందులోంచి ఎవరైనా చెప్పగలరా?"

క్లాసంతా నవ్వింది. అందరికంటే గట్టిగా స్తెఫను నవ్వాడు. వాడికి నా అరటిపండు పెట్టాను ఇందాకే.

"ఇది ఇంటర్వ్యూ కాదు ప్రసాద్‌గారూ. ఖాళీలను పూరింపుము," అంది మేడమ్.

నాకు ఒళ్ళు మండింది. లేచి చెప్పాను. మధ్యాహ్నం పూట పిల్లలు నిద్రపోకుండా ఉండాలంటే ఇదే పద్ధతి. ఓటు హక్కు వయసు పద్దెని అని మనం ఆగాలి, మిది అని వాళ్ళు అరవాలి. ఈ చుట్టుపక్కల ఏ మాస్టారైనా ఇట్లాగే చెబుతాడు, పాసయ్యే వాళ్ళు పాసవుతూనే ఉన్నారు అన్నాను.

"అవును. నేనూ సర్వీసంతా అట్లాగే చెప్పా," అంది ఆవిడ. "అందుకే వినగానే గుర్తుపట్టా. పాఠం చెప్పేటప్పుడు జవాబు మన దగ్గరుంటుంది. ఇక్కడ వాళ్ళ దగ్గరుంది. వెళ్ళి మళ్ళీ అడిగి రండి."

మళ్ళీ అడగాలట. గాజుల షాపులో. నిలబడి.

ఆగస్టు 3, ఆదివారం

ఈ రోజు ఎక్సర్‌సైజు. ఇద్దరిద్దరుగా కూర్చోవాలి. ఒకరు అడగాలి, ఒకరు చెప్పాలి. చెప్పేవాళ్ళు ఆగితే అడిగేవాళ్ళు మనసులో పది లెక్కపెట్టేదాకా నోరు విప్పకూడదు. నాకు స్తెఫను పడ్డాడు.

"మీ ఇంట్లో ఒక రోజు ఎట్లా గడుస్తుందో చెప్పండి సార్," అన్నాడు.

చెప్పాను. లేస్తాను, పాలు కాస్తాను, కాలేజీ, కర్రీ పాయింటు, టీవీ. మా ఆవిడ వాళ్ళమ్మగారి మోకాలి కోసం వెళ్ళింది అని ముగించాను. వాడు ఏమీ అనలేదు. నా మొహం చూస్తూ కూర్చున్నాడు. పది లెక్కపెడుతున్నాడని తెలుసు. తెలిసినా ఆ నిశ్శబ్దం భరించలేకపోయాను.

"మోకాలు ఇప్పుడు బాగానే ఉందనుకో," అన్నాను.

వాడు పలకలేదు.

"మొన్న గాంధీ సెంటర్లో మా అత్తగారు బీరకాయలు బేరం చేస్తుంటే చూశా. సంచీ ఆవిడే మోసుకెళ్తోంది. నేనే బస్సొస్తోందని ఇటు తిరిగా."

వాడు మళ్ళీ పలకలేదు. ఎంత మొండివాడో!

"నాగశ్రీ రావట్లేదయ్యా," అన్నాను. "ఎందుకో నాకు తెలీదు."

స్తెఫను పెన్ను కింద పెట్టాడు. "సార్, ఆపేద్దామా?" అన్నాడు మెల్లగా.

వాడి మీద చచ్చేంత కోపం వచ్చింది. ఏమీ అనని వాణ్ణి ఏమని తిడతాం?

ఆగస్టు 4, సోమవారం

నిన్న అన్నది నిజం కాదు. ఎక్సర్‌సైజు కోసం అన్నాను.

ఆగస్టు 6, బుధవారం

లహరి హాస్టల్ నుంచి ఫోన్ చేసింది. "నాన్నా, అమ్మతో మాట్లాడారా?"

"మాట్లాడుతూనే ఉన్నాగా."

"మాట్లాడ్డం అంటే మీరు మాట్లాడ్డం కాదు నాన్నా," అని పెట్టేసింది.

ఏం పిల్లో. ఇంజనీరింగులో చేర్పించింది ఇందుకా? ఆ నోరు ఎవరి పోలికో తెలియదు. వాళ్ళమ్మ పోలికైతే కాదు.

ఆగస్టు 10, ఆదివారం

క్లాసు కాగానే కాళ్ళు వాటంతట అవే అత్తగారింటికి నడిచాయి. నాగశ్రీ లేదు. పక్కింటి వాళ్ళతో పెనుగంచిప్రోలు తిరుపతమ్మ గుడికి వెళ్ళిందట. మా అత్తగారు సుబ్బమ్మగారు వరండాలో కూర్చుని చిక్కుళ్ళు గిల్లుతోంది. ఆవిడకి చెవుడు. మిషను పెట్టుకోమంటే దురదంటుంది.

"మోకాలెట్లా ఉందండీ అత్తయ్యగారూ?" అని అరిచాను.

"ఆఁ?"

మళ్ళీ అరిచాను. వీధంతా నా వంక చూసింది.

"నాకేం బాబూ, గుర్రంలా ఉన్నా. నెలైపోయిందిగా నడవబట్టి. అమ్మాయిని నువ్వే ఇంకా ఉండమన్నావంటగా?"

"నేనా?"

"నువ్వే. ఆ రోజు బట్టలన్నీ సర్దుకుంది. పొద్దున బస్సుకి వచ్చేస్తున్నానని చెప్తానని నీకు ఫోన్ చేసింది. పెట్టేసి వచ్చి, ఉండమన్నారమ్మా అని బట్టలు మళ్ళీ బీరువాలో పెట్టేసుకుంది. నాకైతే మంచిదేగా, ఇంట్లో మనిషి తోడు. కానీ పేటలో నీ తిండి సంగతేంటయ్యా?"

మెట్ల మీద కూర్చుండిపోయాను. ఆవిడ ఒక గుప్పెడు చిక్కుళ్ళు నా ముందు పోసింది, ఊరికే కూర్చోకుండా గిల్లమని. గిల్లాను.

"అమ్మకి ఇప్పుడు బాగానే ఉంది, రేపొస్తున్నా." ఇదీ ఆ మాట. ఇంతే. ఇంత చిన్న మాట. ఆవిడ నోట్లోంచి తీసి నేను ముక్కలు చేసి నాకు కావలసినట్టు అతికించుకున్నాను, పైగా అర్థం చేసుకోవడం అంటే అదీ అని ఇదే డైరీలో రాసుకున్నాను. నా అంత వెధవ ఈ జిల్లాలో ఉండడు.

బస్సెక్కాక ఏడుపొచ్చింది. కండక్టరు "ఎక్కడికి సార్?" అంటే "జగ్గయ్య..." అన్నాను. "పేటేగా," అని ఆయనే టికెట్ కొట్టేశాడు. ఆయనకీ ఇదే జబ్బు.

ఆగస్టు 12, మంగళవారం

ఫోన్ చేద్దామని చేతిలోకి తీసుకున్నాను. ఏమనాలో తెలియలేదు. రేపు వర్షం పడుతుందేమో చూసి పెట్టేశాను.

ఆగస్టు 14, గురువారం

గీతాంజలి దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. "ఇంటర్ అయ్యాక ఏం జరిగిందో చెప్పమ్మా," అని ఊరుకున్నాను. ఆ పిల్ల నా మొహంలోకి చూస్తూ మిగతా ప్రశ్న కోసం ఎదురుచూసింది. నేను గాజులు చూస్తూ పది లెక్కపెట్టాను.

"సార్, మీరు అనట్లేదేంటి సార్? ఒంట్లో బాలేదా?"

"బాగానే ఉంది. నువ్వు చెప్పు."

అప్పుడు చెప్పింది. మామూలుగా, రిబ్బన్లు చుడుతూ చెప్పింది. "డిగ్రీలో చేరా సార్ నేను. మీకు తెలీదా? మూడు నెల్లు వెళ్ళా. సాయంత్రం మా ఊరికి బస్సు లేదు సార్. చిల్లకల్లులో దిగి నడవాలి, చీకటి పడిపోయేది. రోజూ నాన్న ఎదురొచ్చేవాడు. మిర్చి కోతలప్పుడు రాలేకపోయాడు. ఒక వారం అట్లాగే భయం భయంగా నడిచా. ఇంక మానెయ్యమ్మా అన్నాడు. అంతే సార్. రేపట్నుంచి ఆడవాళ్ళకి బస్సు ఫ్రీ అంటున్నారు. ఫ్రీ సరే, బస్సుండాలిగా సార్?"

"మరి ఆసక్తి..." అన్నాను, ఆగలేక.

"ఆసక్తికేం సార్, బోలెడుంది. సివిక్స్‌లో నాకే ఫస్టు వచ్చింది, మీరే ఇచ్చారు ప్రైజు."

నాకు గుర్తు లేదు. ఆ పిల్ల బాధపడలేదు. టీ తెప్పించింది.

ఆగస్టు 17, ఆదివారం

చివరి అసైన్‌మెంటు ఇచ్చింది. ఒకే మనిషితో లోతైన ఇంటర్వ్యూ చేయాలి. మాట పొల్లుపోకుండా రాసుకురావాలి. మొత్తం మాటల్లో మనవి పదో వంతు దాటితే పేపరు తీసుకోదట.

"మీరెవర్ని చేస్తారు ప్రసాద్‌గారూ?"

"చూడాలండీ."

"మీ మేడమ్‌గారు ఎంతవరకు చదువుకున్నారు?"

"ఇంటరేనండీ."

"ఎందుకు ఆపేశారు?"

"ఆసక్తి..." అని నాలిక కరుచుకున్నాను. ఆలస్యమైపోయింది. "లేక!" అని క్లాసంతా ఒక్క గొంతుతో అరిచింది. మేడమ్ కూడా నవ్వు ఆపుకోలేకపోయింది.

నేనూ నవ్వాను. ఇంత పరువు పోయాక ఇంక దాచుకోవడానికి ఏముంటుంది?

ఆగస్టు 20, బుధవారం

ఫోన్ చేశాను. విషయం చెప్పాను.

"ఇంటర్వ్యూనా? నన్నా?" అంది నాగశ్రీ. "కోర్సు కోసమా?"

"కోర్సు కోసమే."

"సరే రండి. అమ్మ మధ్యలో దూరుతుంది, ముందే చెప్తున్నా."

కోర్సు కోసమే. అక్షరాలా కోర్సు కోసమే.

ఆగస్టు 24, ఆదివారం

వరండాలో కుర్చీ వేసింది నాకు. తను మెట్టు మీద కూర్చుంది. కొంచెం చిక్కింది. లేదు, చిక్కలేదు, బాగుంది. ఫోన్ మధ్యలో పెట్టి, పద్ధతి ప్రకారం ముందు చదవాల్సిన కాగితం చదివాను. మీరు ఏ ప్రశ్నకైనా జవాబు చెప్పకపోవచ్చు. ఎప్పుడైనా ఆపేసి లేచి వెళ్ళిపోవచ్చు. మీ మీద ఎటువంటి ఒత్తిడీ లేదు.

"ఇది పెళ్ళప్పుడు చదివి ఉంటే బాగుండేది," అంది.

నేను నవ్వలేదు, మాటల లెక్క పోతుందని. నవ్వు మాటల్లోకి రాదని తర్వాత గుర్తొచ్చింది.

"ఇంటర్ అయిపోయినప్పటి రోజుల గురించి చెప్పు," అన్నాను.

"అప్పుడు నేను..." అని ఆగి నా వంక చూసింది. నేను అందుకుంటానని చూసింది. ఆ చూపు నాకు కొత్త కాదు. ఇన్నేళ్ళూ అది నా మీద గౌరవమనుకున్నాను. అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాను.

"పన్ను నొప్పా?"

కాదని తలూపాను. నాగశ్రీ కాసేపు కొంగు అంచు లాక్కుంటూ కూర్చుంది. తర్వాత మొదలుపెట్టింది.

"అప్పుడు నేను బీకామ్‌కి అప్లికేషన్ తెచ్చుకున్నా. దానికి ఫొటో కావాలంటే సెంటర్లో స్టూడియోకి వెళ్ళి దిగా. నీలం రంగు వోణీ. ఆ ఫొటోయే మా పెదనాన్న మీ వాళ్ళకి పంపించాడు. అప్లికేషన్ మీద అతికించలేదు ఇంక. మీరు చూసింది ఆ ఫొటోనే. నేను కాలేజీకని చూసిన చూపది."

నేను ఆ ఫొటో చూసి పిల్ల మొహంలో భలే కళ ఉందన్నాను. మా ఇంట్లో అందరికీ చెప్పాను. ఇది రికార్డింగులో లేదు, ఇక్కడ రాసుకుంటున్నాను.

"పెళ్ళిచూపులప్పుడు కాసేపు మాట్లాడుకోండని మనల్ని మేడ మీదికి పంపారు గుర్తుందా? మీరే మాట్లాడారు. ప్లానింగ్ కమిషన్ గురించి చెప్పారు. చివర్లో, డిగ్రీ చదవాలని నీకు అంత పట్టుదలేం లే... అని ఆగారు. నాకేం చెయ్యాలో తెలీలా. మా సార్లందరూ అట్లాగే ఆగేవాళ్ళు. నోటికొచ్చేసింది. దు అన్నా."

తిడుతుందేమో అనుకున్నాను. నవ్వుతోంది.

"ఆ దు నాదే లెండి. మీరేం బలవంతంగా అనిపించలేదు. డిగ్రీ పోతే పోయింది, నాకు దాని మీద బెంగ కూడా లేదు. అది కాదు నా బాధ. మీరు పూర్తి చేసే మాట తప్పైతే బాగుండేది. తప్పైతే కొట్లాడేదాన్ని. మీది ఎప్పుడూ ముప్పాతిక కరెక్టే. మిగతా పాతిక్కోసం ఏం గొడవ పడతాంలే అని ఊఁ అనేదాన్ని. అట్లా ప్రతిసారీ వదిలేసుకుంటూ పోతే, చివరికి నేను చెప్పాలనుకున్నదేంటో నాకే గుర్తు రాకుండా పోయింది. లహరి ఏదన్నా అడిగినా మీ వంక చూసేదాన్ని."

లోపల్నుంచి మా అత్తగారు, "ఎవరితోనే?" అని కేకేసింది.

"మీ అల్లుడుగారితోనమ్మా! కాలేజీ పని మీద వచ్చారు! ఇంటర్వ్యూ చేస్తున్నారు నన్ను!" ఇంత గొంతు ఈవిడకి ఎక్కడిదా అని చూస్తుండిపోయాను. ఆవిడకి వినపడలేదు. నాగశ్రీ విసుక్కోకుండా మళ్ళీ మొత్తం చెప్పింది.

"చూశారా? ఇక్కడ ఏది చెప్పినా మొదట్నుంచి చివరిదాకా చెప్పాలి. గట్టిగా, రెండుసార్లు. ముందు విసుగొచ్చేది. ఇప్పుడు ఎంత బాగుంటుందో తెలుసా? మొన్న మురుగు కాలవ దగ్గర పక్కింటావిడతో గొడవ పెట్టుకున్నా. నేనే మొదలుపెట్టా, నేనే ముగించా. ఆవిడ తర్వాత సారీ చెప్పింది. ఆవిడతోనే గుడికెళ్ళా."

చెబుతూనే ఉంది. వాళ్ళ నాన్న పోయిన ఏడు తను ఏం అనుకుందో చెప్పింది. జగ్గయ్యపేటలో మా వంటింటి కిటికీ ఎందుకు ఇష్టం ఉండదో చెప్పింది. నాకు ఇవేమీ తెలియవు. ఈవిడతో నేను ఇన్నేళ్ళు ఉన్నానట.

ఒక్కసారి ఆపుకోలేకపోయాను. "ఆ రోజు ఫోన్లో..." అన్నాను. అని ఆగాను. నాగశ్రీ అందుకోలేదు. మనం ఆగినప్పుడు ఎదుటివాళ్ళు ఊరుకుంటే ఎంత భయంగా ఉంటుందో అప్పుడు తెలిసింది. నేనే పూర్తి చేసుకోవాల్సి వచ్చింది. "ఆ రోజు ఫోన్లో నువ్వు వస్తానందామనుకున్నావు. నేను అననివ్వలేదు. అత్తయ్యగారు చెప్పింది. నాకు చాలా బాధగా ఉంది నాగా."

"ఊఁ," అంది. ఎప్పటి ఊఁ కాదు. కళ్ళు తుడుచుకుంది.

చివర్లో ఒక ప్రశ్న తప్పకుండా అడగాలని మేడమ్ రూలు. "ఇంకేమైనా చెప్పాలనుకుంటున్నావా?" అడిగి, ఎంతసేపైనా సరే ఊరుకోవాలి.

నాగశ్రీ వీధి వంక చూసింది. "నేను జగ్గయ్యపేట..." అంది.

ఆగింది. లోపల కుక్కరు కూత పెట్టింది. నా దగ్గర ఆ వాక్యానికి ఎన్నో ముగింపులున్నాయి. వచ్చేస్తా. బుధవారం చవితి కదా, వస్తా. మీరు మారితే వస్తా. అన్నీ నాలిక చివర వరసగా నిలబడ్డాయి. నేను ఒక్కదాన్నీ బయటికి రానివ్వలేదు. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను.

లేచి వెళ్ళి స్టవ్ కట్టేసి వచ్చింది. మళ్ళీ మెట్టు మీద కూర్చుంది.

"నేను జగ్గయ్యపేట వస్తా, చీరలు తీసుకెళ్ళడానికి. ఇక్కడ ఇంకొన్నాళ్ళు ఉండాలని ఉంది నాకు. తెచ్చుకున్నవి చాలట్లేదు."

ముప్పాతిక కాదు, నా ముగింపుల్లో ఒక్కటీ పావు వంతు కూడా కరెక్టు కాలేదు.

ఆగస్టు 31, ఆదివారం

వారమంతా ఆ రికార్డింగు వింటూ రాశాను. చవితి పందిరి మైకు ఒక పక్క, చెవిలో నాగశ్రీ ఒక పక్క. ఒక్క మాట మార్చలేదు. కుక్కరు కూత కూడా రాశాను.

మేడమ్ పేపరంతా చదివింది. "చాలా మంచి డేటా ప్రసాద్‌గారూ," అంది.

డేటా! నా కొంప ఆవిడకి డేటా. పేపరు లాక్కుని వచ్చేద్దామనిపించింది.

"మీ హైపోథిసిస్ ఏమైంది?"

"తప్పని తేలిందండీ."

"సంతోషమేగా, నేర్చుకున్నట్టేగా?"

"ఏం సంతోషమండీ. ఆవిడ చీరల కోసం వస్తోంది."

మేడమ్ ఏదో అనబోయి మానేసింది. నా వంకే చూస్తూ కూర్చుంది. పది లెక్కపెడుతోందని నాకు తెలుసు. ఆ నేర్పు నా మీదే ప్రయోగిస్తోంది. తెలిసి కూడా చెప్పేశాను. "నాకు భయంగా ఉందండీ. బీరువా ఖాళీ చేస్తే చూడలేను."

ఆవిడ ఫ్యాను నా వైపు తిప్పింది.

సెప్టెంబరు 13, శనివారం

ఇల్లంతా బూజు దులిపాను. వంటింటి కిటికీ తుడిచాను. ఇది డేటా కాదు.

సెప్టెంబరు 14, ఆదివారం

పదింటి బస్సుకి దిగింది. పెద్ద ఎయిర్‌బ్యాగు తెచ్చింది, లహరిని హాస్టల్లో దింపినప్పటిది. దాన్ని చూడగానే నా ప్రాణం సగం పోయింది. లోపలికి వచ్చి కిటికీ చూసింది. టీ పెట్టి ఇచ్చాను. "పంచదార..." అంది. నేను గ్లాసు పట్టుకుని నిలబడ్డాను. "పంచదార సరిపోయింది," అంది.

బీరువా తీసి మంచం మీద చీరలన్నీ పరిచింది. ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని మొదలుపెట్టింది. ఇది మా పిన్ని పెట్టింది, పెట్టినప్పుడు ఏమందో తెలుసా అని ఒకటి. ఇది కట్టుకుని వేదాద్రి వెళ్తే ఏట్లో జారిపడ్డానని ఒకటి. ఆ జారిపడటం నాకూ తెలుసు, అక్కడే ఉన్నాను. కానీ ఆవిడ చెబుతుంటే వేరేగా ఉంది. అందులో నేను ఒడ్డు మీద నిలబడి సలహాలిస్తున్నాను. నిజమే, ఇచ్చాను. నేను అన్నం వండాను, చారు పెట్టాను. తింటూ చెప్పింది. తిన్నాక చెప్పింది. పక్కింటావిడ కొడుకు పెళ్ళి ఎట్లా తప్పిపోయిందో మొత్తం చెప్పింది. మధ్యలో నేను "తర్వాత?" అన్నాను, అంతే. అది కూడా నిజంగా తెలియకే అన్నాను.

సాయంత్రం అయింది. ఇంక బయల్దేరతానంది. నేను గుమ్మం దగ్గర నిలబడి అటు తిరిగాను, బ్యాగు నింపుతుంటే చూడకూడదని. జిప్ చప్పుడు వినపడింది. చాలా తొందరగా వినపడింది.

బస్టాండు దాకా బ్యాగు నేను మోశాను. తేలిగ్గా ఉంది. నందిగామ బస్సు వచ్చింది. నాగశ్రీ బ్యాగు అందుకుంది.

"మూడే తీసుకున్నా," అంది. "మిగతావి మళ్ళీ ఆదివారం వచ్చి తీసుకెళ్తా. బస్సెట్లాగూ ఫ్రీయేగా."

నా నోటి దాకా వచ్చింది. బ్యాగులో ఇంకా బోలెడు చోటుంది. మోసింది నేనేగా, తెలుసు. ఏమీ అనలేదు.